పాతర నోరు

హలో, వినిపిస్తోందా? అందరూ వచ్చారా? అమ్మలకూ అయ్యలకూ నమస్తే. పోయిన వారం దొరగారి జొన్నల పాతరలోకి బాలస్వామి దిగిన దగ్గర ఆపేశాను. బతికాడా పోయాడా చెప్పకుండా ఎట్లా ఆపుతావని ఫోన్లు చేసి మరీ తిట్టారు. తిట్టండి, తప్పులేదు. బతకలేదమ్మా. తాడు లాగి పైకి తీసేసరికే ప్రాణం లేదు. ఇప్పుడు తెల్లారింది. కట్టంగూరు అవతలి గూడెంలో వాళ్ల వాకిలి ముందర నిలబడి ఉన్నాం. మెల్లగా రండి.

“అడుగు లోపల పెట్టకు ఏసోబు. పెట్టినవంటె మర్యాద దక్కది.”

ఈదమ్మ వాకిట్లో తడిక అడ్డం పెట్టి నిలబడింది. ఆమె వెనక చాప మీద ఆమె పెనిమిటి బాలస్వామి ఉన్నాడు. కప్పిన గొంగడి చాలక పాదాలు బయటికి వచ్చాయి. కాలివేళ్ల సందుల్లో జొన్నగింజలు ఇరుక్కొని ఉన్నాయి. తల్లి బిక్షమ్మ ఆ కాళ్ల దగ్గర కూర్చొని గింజల వైపే చూస్తోంది. తీయడం లేదు.

తడికకు ఇవతల ఏసోబు. బిక్షమ్మకు చిన్న కొడుకు, పోయినవాడికి తమ్ముడు. మిషనువాళ్లు ఈ గూడేనికి పెట్టిన ఉపదేశి. ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు పిల్లలకు బడి, రెండూ అతనివే.

“వదినె, జర తొవ్వ ఇడువు. అన్న మొఖం సూసి పోత.”

“ఏం జూస్తవు? నువ్వన్నట్టే అయ్యిందా లేదా అని జూస్తవా?”

“గట్ల అనకు.”

“ఎట్లనాలె మరి? ఆదివారం నోరు మస్తుగ లేచింది గద. ఇయ్యాల లేస్తలేదా?”



ఆదివారం సంగతి గూడెంలో అందరికీ తెలుసు. మోషే మీద, అతని అన్న అహరోను మీద కోరహు అనేవాడు తిరగబడిన కథ ఆ రోజు ఏసోబు చెప్పాడు. జనమంతా దేవుని జనమే అయినప్పుడు మీరిద్దరే పెద్దలెట్లా అయ్యారని కోరహు నిలదీశాడు. తెల్లారి భూమి నోరు తెరిచింది. కోరహు వైపు నిలబడినవాళ్లను గుడారాలతో సహా మింగేసింది. అంతవరకు చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఏసోబు ఇంకో మాట అన్నాడు.

“మన గూడెం భూమికి గూడ నోరుంది” అన్నాడు. అంటూ కిటికీలోంచి అన్న వాకిలి వైపు చూశాడు.

ఎందుకంటే ఆ వాకిట్లో బాలస్వామి వేరే ప్రార్థన పెట్టుకున్నాడు. డప్పు కొట్టి దేవుని పాట పాడతానన్నాడు. మిషనువాళ్లు ఒప్పుకోరన్నాడు తమ్ముడు. ‘మా తాతలు కొట్టిన వాద్యం దేవునికి చేదా? దేవుడు నీ ఒక్కనితోనే మాట్లాడ్తడా, నాతోని మాట్లాడడా?’ అన్నాడు అన్న. సంఘ పెద్దలు కూర్చొని బాలస్వామిని వెలివేశారు. ఆ వెలిమాట నిలబడి చెప్పింది ఏసోబే. అయినా జనం డప్పు మోగిన వాకిటికే పోయారు. ప్రార్థన గుడిలో చెవులు సరిగా వినపడని ముసలివాళ్లు మిగిలారు.

“గుర్వయ్యా!” ఈదమ్మ కేకేసింది. “ఇటు రా. నీ దోస్తు ఎట్ల దిగిండో గీ అయ్యగారికి జెప్పు.”

గోడ నీడలో కూర్చున్న గుర్వయ్య లేచి వచ్చాడు. నిన్న పాతర దగ్గర తాడు పట్టినవాడు అతనే. అరచేతులు రెండూ తాడు ఒరుసుకొని ఎర్రగా ఉన్నాయి.

“ఏం జెప్పాలె వదినె?”

“నాకు జెప్పినట్టే జెప్పు.”

ఈ కాలం పిల్లలు పాతరను చూసి ఉండరు. ఎర్ర మొరం నేలలో కుండలాగా తవ్విన గొయ్యి. నోరు ఇరుకు, కడుపు వెడల్పు. లోపల గడ్డి పరిచి జొన్నలు పోసి, బండ మూసి మట్టి మెత్తితే ఏళ్ల తరబడి చెడిపోవు. కానీ బండ తీసిన వెంటనే ఎవరూ దిగరు. లోపల చెడ్డ గాలి ఉంటుంది. ముందు దీపం దించుతారు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. గూడెంలో నడక నేర్చిన బిడ్డకు కూడా ఈ సంగతి తెలుసు.

గుర్వయ్య ఏసోబు ముఖం చూడకుండా చెప్పాడు.

“సర్కారుకు కట్టకుండ దొర దాసిన లెవీ జొన్నలు దేవులాడుకుంట సర్కారు గిర్దావరు వస్తుండంట. ఆయిన వచ్చేలోపల పాతర ఖాళీ జెయ్యాలెనని దొర గడి మనిషి లింగస్వామి ఒకటే తొందర. నేనే అన్న, ఆగుదాం, దీపం దించి సూద్దాం అని. గప్పుడు ఎవడో... ఎవడో ఏంది, నేనే. నవ్వులాటకు అన్న. బాలన్నా, నువ్వు దిగకే, నోరు తెరిసుంది, నిన్నే మింగుతది అన్న. అందరు నవ్విన్రు. ఆయిన నవ్వలే.”

“ఇంక జెప్పు.”

“దీపం ముట్టిచ్చి తాడుకు కడ్తున్న. నా చేతిల ఉండంగనే ఊదిండు. ‘నా తమ్ముని మాటకు నేను బయపడ్తననుకున్నవార?’ అన్నడు. దిగిండు.”

పక్క గుడిసెలో మేకపిల్ల అరిచి ఊరుకుంది.

“ఇన్నవా?” అంది ఈదమ్మ. “దీపం ఊదింది ఆయిననే. నేను కాదనను. కని ఆయిన నోట్ల ఆ గాలి వెట్టింది ఎవరు?”

ఏసోబు తడిక పట్టుకున్నాడు. ఈదమ్మ అతని వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసింది. కోపంగా కాదు, ముల్లు తీసినట్టు తీసింది.

“పోయినోడు పోయిండు. నాకు నీ మాటలు వద్దు, నీ ఏడుపు వద్దు. ఒక్కటే కావాలె. సమాధుల తోటల నా బిడ్డ పక్కన ఆయిన్ని పండవెట్టాలె. జరమొచ్చి బిడ్డ పోయిన్నాడు ఆయిన అన్న మాట నీకెరుకే. దాని పక్కన జాగ నాకుంచున్రి అన్నడు. నువ్వు గూడ ఆడ్నే ఉంటివి.”

“ఉన్న, వదినె.”

“ఆ జాగ గావాలె.”

అప్పుడే సంఘ పెద్ద బుచ్చయ్య నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఏసోబును చూడగానే చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. మొన్నటిదాకా ‘ఏందిర ఏసోబు’ అని పిలిచిన మనిషి.

“అయ్యగారు, మీరు ఈడున్నరా?” అన్నాడు.

ఆ ‘అయ్యగారు’ విని బిక్షమ్మ తల ఎత్తి చూసింది. మళ్లీ దించుకుంది.

“తోటల పెట్టుడు గాదమ్మా ఈదమ్మా” అన్నాడు బుచ్చయ్య. “వెలిపడ్డ మనిషిని పెట్టం. అది మిషను కట్టడి. అదొక్కటైతే నేనే అడ్డం పడి అడుగుదును. భూమి మింగింది గద! భూమి నోట్ల నుంచి తీసినోన్ని మళ్ల మనోళ్ల నడుమ ఎట్ల పెడ్తం? రేపు ఎవరి మీదికి వస్తదో!”

“బుచ్చయ్య మామా, పోయిన వారం నా వాకిట్ల కూసోని పాట పాడలే నువ్వు? నేను పోసిన సల్ల తాగలే? పెద్ద పెద్ద తాళాలు దెచ్చి వాయించలే?”

వెనక ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

“పాడిన” అన్నాడు బుచ్చయ్య. గొంతు నిజంగానే వణికింది. “తప్పయ్యింది. గందుకే బయమైతుంది నాకు. నాకు గూడ ఇంట్ల పిల్లలున్నరు బిడ్డా.”

“నాకు లేరు మామా. గందుకే తోటల అడుగుతున్న.”

బిక్షమ్మ అప్పుడు మాట్లాడింది. శవం దగ్గర నుంచి లేవకుండానే, ఎవరి వైపూ చూడకుండా అంది.

“నా కడుపుల ఇద్దరు పుట్టిన్రు. ఇద్దర్ల ఒక్కడే సాలెనా దేవునికి?”

అందరూ ఏసోబు వైపు తిరిగారు. ఒక్క మాట చాలు. ‘అది తీర్పు కాదు’ అంటే చాలు. ఏసోబు తల వంచుకొని తన ఇంటి తొవ్వ పట్టాడు.

తొవ్వ పొడవునా జనం లేచి నిలబడ్డారు. రెండు నెలలుగా అతన్ని చూసి ముఖం తిప్పుకున్నవాళ్లే. అరుగు మీదివాళ్లు దిగారు. బీడీ తాగేవాడు బీడీ తొక్కేశాడు. ఒక తల్లి చంటిబిడ్డ ముఖాన్ని కొంగుతో కప్పింది. ఈ లేవడం కోసం ఏసోబు ఎంతగా ఎదురుచూశాడో అతనికే తెలుసు. ఒక్క క్షణం అతనికి మంచిగా అనిపించింది. మరుక్షణం బడి వెనక గోడ పట్టుకొని వంగి కక్కుకున్నాడు.

ఇంట్లో పొయ్యి ముట్టించలేదు. భార్య అమృతమ్మ గడప దగ్గర కూర్చొని ఉంది.

“నీళ్లియ్యాల్నా?”

“వద్దు.”

అమృతమ్మ గడప మీది దుమ్మును వేలితో గీస్తూ ఉంది.

“ఒక్కటడుగుత, కోపం జెయ్యకు. కోరహు కొడుకులు ఏమైన్రు?”

ఏసోబు తల ఎత్తాడు.

“మన లగ్గమైన కొత్తల నువ్వే జెప్పినవు. కోరహు కొడుకులు సావలేదని. వాళ్ల వంశమోళ్లే ముందుకు పోయి దేవుని గుడిల పాటలు పాడేటోళ్లయిన్రని. నాకు మస్తు సంతోషమయ్యింది. ఎంత తప్పు జేసినోని ఇంటికైనా దేవుడు పాట మిగిలిచ్చిండు గద అనుకున్న. ఆదివారం ఎందుకు జెప్పలే?”

“టైం సాలలే.”

“టైమా?”

ఏసోబు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“తిరగబడినోళ్లు తెచ్చిన ధూపం పళ్లేలు గూడ దేవుడు పారెయ్యనియ్యలేదంటివి. అవి తన ముందరికొచ్చినయి, పవిత్రమైనయి అన్నడంటివి. సాగగొట్టి బలిపీఠానికి తొడిగిచ్చిండంటివి. అది గూడ జెప్పలే.”

“అవి జెప్తే...” ఏసోబు రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. “అవి జెప్తే అన్నను బయపెట్టెతందుకు ఇంకేం మిగులుతది అమృతా?”

అమృతమ్మ వేలు దుమ్ములో ఆగిపోయింది.

“అన్నకు నా కొలువు మీద కండ్లమంట అన్నరు గద అందరు. నిజమే కావచ్చు. నాకు మాత్రం అన్న వాకిలి మీద కండ్లమంట. బడి సదువు నాకొచ్చింది. పాట ఆయినకొచ్చింది. నేను జెప్తుంటె జనం ఆవులిస్తరు. ఆయిన గొంతెత్తితె ఏడుస్తరు. నేను మోషేను గాదు, అమృతా. ఆ కథల నేనే కోరహును.”

“నిన్ను సదువుకు తోలింది ఎవరు?”

“ఆయిననే. నేను మిషను బడిల ఉన్నన్ని ఏండ్లు దొర గడిల నా వంతు వెట్టి గూడ ఆయిననే జేసిండు.”

“ఇదంత నాకు జెప్పి ఏం లాభం? నేనేమన్న తోటకు అడ్డం నిలవడ్డనా?” అమృతమ్మ లేచింది. కొంగు నడుముకు చుట్టుకుంది. “నడువు. ఆడ జెప్పు.”

వాళ్లు తిరిగి వచ్చేసరికి వాకిట్లో జనం పెరిగారు. పాడె కట్టడం అయిపోయింది. కానీ ఎత్తేవాళ్లు లేరు. ఏసోబు తడిక బయటే నిలబడి గొంతు పెంచాడు.

“అందరు ఇనున్రి. ఇది తీర్పు గాదు. మా అన్న పాతర గాలికి సచ్చిండు. నేను ఆదివారం కోపంతోని జెప్పిన. దేవుని కథను రాయి లెక్క చేత వట్టుకొని మా అన్న మీదికి ఇసిరిన. తప్పు నాది. వెలి గూడ తప్పే. ఆయిన్ని తోటల పెట్టాలె.”

జనం కదల్లేదు. కొందరు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బుచ్చయ్య కళ్లనిండా నీళ్లు పెట్టుకొని చేతులు జోడించాడు.

“సూసిన్రా! ఎంత తగ్గింపు! మోషే గూడ గిట్లనే. మోషేను తిట్టిన సొంత అక్కకు కుష్టొస్తే, ఆమెను బాగు జెయ్యమని దేవునికి మొర పెట్టినోడు. మన అయ్యగారు గూడ అన్న కోసం తప్పు మీదేసుకుంటున్నడు.”

“నేను మీదేసుకుంటలేను బుచ్చయ్యా, నా తప్పే ఉంది!”

“గట్లనే అంటరు. పెద్దోళ్లు గట్లనే అంటరు.”

ఈదమ్మ నవ్వింది. ఆ ఏడ్చే ఇంట్లో ఆ నవ్వు వినడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

“జెప్పు మర్దీ, ఇంక జెప్పు” అంది. “నువ్వు ఎంత దిగుతె వాళ్లు గంత లేపుతరు.”

ఈ గొడవలోకే గడి మనిషి లింగస్వామి వచ్చాడు. కర్ర భుజాన పెట్టుకొని, శవాన్ని చూడలేక చూరు వైపు చూస్తూ మాట్లాడాడు.

“పాతరల సగం దాకా జొన్నలు అట్లనే ఉన్నయి. మాపటికి గిర్దావరు వస్తడు. బాలస్వామి ఇంటి వెట్టి వంతు తీరలేదని దొర అంటున్నడు.”

“మనిషే తీరిపాయె గదర” అంది బిక్షమ్మ.

“నన్నేం జెయ్యమంటవవ్వా? నేను గూడ జీతగాన్నే. మొగోడు లేకుంటె ఆడమనిషే రావాలెనన్నడు. నేను రానంటె నా ఈపు పగులుతది.”

ఈదమ్మ చేతిలోని తడిక కింద పెట్టింది. పోవడానికే అన్నట్టు కొంగు సర్దుకుంది.

“నేనొస్త” అన్నాడు ఏసోబు.

లింగస్వామి బిత్తరపోయాడు. “ఉపదేశికి వెట్టి లేదు గద. మిషనోళ్లు జెప్పి తీపిచ్చిన్రు గద.”

“నాకు లేదు. మా అన్నకుంది. పా.”

పాతర చుట్టూ గూడెం అంతా చేరింది. శవం దగ్గర బిక్షమ్మ, అమృతమ్మ ఇద్దరే మిగిలారు. ఈదమ్మ కూడా వచ్చింది. దూరంగా మొరం కుప్ప మీద కూర్చుంది. దొర గడి మేడ మీద కిటికీ ఒకటి తెరిచి ఉంది.

ఏసోబు అంగీ విప్పాడు. దీపం అడిగాడు. వెలిగించి తాడుకు కట్టి, అందరికీ కనిపించేలా మెల్లగా లోపలికి దించాడు. లోపల జొన్నలు పచ్చగా మెరిశాయి. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది.

“సూడున్రి!” అని అరిచాడు. “ఆరలే! నిన్నటి సంది నోరు తెరిసే ఉంది గనుక చెడ్డ గాలి పోయింది. గందుకే నేను సావ. నిన్న జరసేపు ఆగి గిదే దీపం దించితె మా అన్న గూడ సావకపోవు. గంతే ఉంది దీంట్ల. ఇంకేం లేదు. బుచ్చయ్యా, కండ్లార సూసినవా?”

“సూసిన అయ్యగారు.”

ఏసోబు నడుముకు తాడు చుట్టుకొని దిగాడు.

లోపల చల్లగా ఉంది. పాత గడ్డి వాసన, పురుగు పట్టిన జొన్న వాసన. పైనుంచి పడే గుండ్రటి వెలుతురులో అతనికి జొన్నల మీద ఒక గుంట కనిపించింది. మనిషి పక్కకు ఒరిగి పడుకున్నంత గుంట. భుజం పడిన చోటు లోతుగా ఉంది. తల ఉన్న చోటు ఇంకొంచెం లోతు. చేయి చాచిన గుర్తు, ఆ చివర వేళ్లతో గింజలను దేవుకున్న గీతలు. అవి గోడ వైపు పోయి ఆగిపోయాయి.

ఏసోబు ఆ గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. దాన్ని తాకడానికి భయమేసింది. అన్న శవాన్ని దగ్గర నుంచి చూడలేకపోయాడు. ఇదే చూశాడు.

“గంప దించుతున్న!” పైనుంచి గుర్వయ్య గొంతు.

గంప వచ్చింది. ముందు అంచుల దగ్గరి జొన్నలు ఎత్తాడు. చుట్టూ ఉన్నవన్నీ ఎత్తాడు. గుంటను మాత్రం ముట్టలేదు. కానీ చుట్టుపక్కల గింజలు తీసేకొద్దీ అన్న ఆకారం దానంతటదే జారిపోసాగింది. చెయ్యి పోయింది. భుజం పోయింది. చివరికి ఏమీ లేకుండా సాపుగా అయిపోయింది. అప్పుడు ఏడ్చాడు. పైన ఎవరికీ వినపడలేదు. పాతర నోరు ఇరుకు.

తాడు పట్టుకొని పైకి వచ్చేసరికి ఎండ కళ్లలో పడి ఏమీ కనిపించలేదు. కళ్లు నులుముకొని చూశాడు. జనమంతా మోకాళ్ల మీద ఉన్నారు.

“భూమి మింగలే!” బుచ్చయ్య ఏడుస్తూ అరిచాడు. “తన సేవకుని వాసన సూసి ఇడిసిపెట్టింది! దేవుడు తన మనిషిని ఎరుక జేసిండు!”

“లేవున్రి! దీపం సూడలేదార మీరు? దీపం ఆరలేదని నేను జెప్పలేదా?”

“సూసినం అయ్యగారు” అన్నాడు ముందు వరుసలోని ముసలాయన, భక్తిగా. “మీరు దించితె ఆరలే.”

ఏసోబు ఒంటినిండా జొన్న దుమ్ముతో ఈదమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే మొరం కుప్ప దిగి ఇంటి వైపు నడుస్తోంది.

బుచ్చయ్య వెంటనే పరుగెత్తుకొచ్చాడు. “అయ్యగారు, ఇంక మీ మాటకు ఎదురు లేదు. తోటల పెట్టుమంటె పెడ్తం. మీరు సెలవియ్యున్రి సాలు. గూడెం మొత్తం వచ్చి మోస్తది.”

ఏసోబు ఆశగా ఈదమ్మ వెనకాల నడిచాడు. వాకిట్లో ఆమెను అందుకున్నాడు.

“వదినె, ఒప్పుకున్నరు. బిడ్డ పక్కన్నే పెడ్తరంట.”

“ఎవరు జెప్తే ఒప్పుకున్నరు?”



“జెప్పు. నా పెనిమిటి వెలిపడ్డది తప్పని ఒప్పుకున్నరా? నీకు బయపడి ఒప్పుకున్నరా?”

“ఎట్లయితేంది వదినె, జాగ దొరికింది గద.”

“ఎట్లయితేంది?” ఈదమ్మ గొంతు తగ్గింది. “నీ సెలవు మీద పండవెడితె రేపు గూడెం ఏమంటది? శాపం వెట్టినాయినే దయదలిచి జాగ ఇచ్చిండంటది. నా పెనిమిటి సచ్చి గూడ నీ కాళ్ల కాడ పండాల్నా? ఆయిన అడిగింది గదే గద, నీ అంత మనిషినే నేను అని. ఆ ఒక్క మాట కోసం దీపం ఊదుకున్నడు. ఆ మాటను నేను పూడ్సిపెట్ట.”

తల్లి బిక్షమ్మ ఏమంటుందోనని ఏసోబు చూశాడు. బిక్షమ్మ పెద్దకొడుకు ముఖం మీద ఈగలు తోలుతూ ఉంది.

ఈదమ్మ పాడె దగ్గరికి పోయి ముందరి కొన పట్టుకుంది. అమృతమ్మ రెండో కొన పట్టింది. ఆడవాళ్లు పాడె పట్టడం ఆ గూడెంలో ఎవరూ చూడలేదు. గుర్వయ్య కాసేపు అటూ ఇటూ చూసి, ఏడుస్తూ వచ్చి వెనక ఒక కొన కింద భుజం పెట్టాడు.

“ఇంకొక్కటుంది” అంది ఈదమ్మ, ఏసోబుతో. “అయ్యగారివైతె ఆడ్నే ఉండు. తమ్మునివైతె రా.”

బుచ్చయ్య అతని రెక్క పట్టుకున్నాడు. “వద్దు అయ్యగారు. వెలిపడ్డోని పాడె మోస్తె మిషనోళ్లు కొలువు తీసేస్తరు. బడి మూతపడ్తది. మా పిల్లల సంగతేంది?”

ఏసోబు ఆ చేతిని విడిపించుకున్నాడు. నాలుగో కొన కింద వంగాడు.

పాడె లేచింది. అన్న ఎంత బరువున్నాడో అతనికి అప్పుడు తెలిసింది.

సమాధుల తోటకు రాతిగోడ, గోడకు ఒకటే సందు. వాళ్లు అక్కడికి చేరేసరికి అడ్డతొవ్వన వచ్చిన బుచ్చయ్య, ఇంకా పదిమంది మగవాళ్లు సందుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ల ముఖాల్లో కోపం లేదు, ఒట్టి భయం.

“అయ్యగారు, పాడె దించి ముందటికి రాండ్రి. ఉపదేశి లెక్క ఒక్క మాట జెప్పున్రి. ఇప్పుడే జరుగుతం. మోసేటోని లెక్క అడిగితె జరగం. మాకు బయం.”

ఏసోబు ఈదమ్మ వీపు వైపు చూశాడు. ఆమె తిరగలేదు. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే అన్నకు బిడ్డ పక్కన జాగా దొరుకుతుంది. ఆ మాట అంటే అన్న మళ్లీ ఓడిపోతాడు.

వెనక నడుస్తూ వచ్చిన బిక్షమ్మ ఎవరినీ అడగలేదు. మగవాళ్ల నడుమ నుంచి వంగి లోపలికి దూరింది. ముసలిదాన్ని ఎవరూ ఆపలేదు. ఆమె పోయి మనవరాలి చిన్న దిబ్బ పక్కన చతికిలబడింది. అక్కడి పల్లేరు కాయలను ఏరి కొంగులో వేసుకోసాగింది, కొడుకుకు గుచ్చుకుంటాయన్నట్టు.

ఎండ మండుతోంది. కట్టె భుజంలోకి దిగుతోంది.

“ఏసోబు” అంది ఈదమ్మ, వెనక్కి తిరగకుండానే. “భుజం నొస్తుందా?”

“లేదు వదినె.”

“అయితె నిలవడు.”

మీకు తెలిసిన ఇళ్లలో ఒక్క కడుపున పుట్టి, ప్రార్థనలో ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం మానేసినవాళ్లు ఉంటే ఈ భాగం వాళ్లకు పంపించండి అమ్మా. ఒక్కరికే పంపకండి. ఇద్దరికీ పంపండి.